పికరూన్ అంటే దొంగా, ఓడా? వంటింట్లో పుట్టి సముద్రమెక్కిన మాట

మీరు అడిగింది ఇది. పాత ఇంగ్లీషు సముద్రయానం కథ ఒకటి తెలుగు చేస్తున్నారు. అందులో కొండకొమ్ము చాటున ఒక ‘పికరూన్’ పొంచి ఉందని వచ్చింది. నిఘంటువు తీస్తే ఒక అర్థం మోసగాడు, ఇంకో అర్థం సముద్రపు దొంగ. రెండు వాక్యాలు పోయాక అదే పికరూన్ గురించి ‘ఆమె తెరచాపలు ఎత్తింది’ అని ఉంది. ఆ పికరూన్ మగా, ఆడా? ఆ మాట ఎక్కడిది? తెలుగులో ఏమని రాయాలి?

ముందు మీ చిక్కు తీర్చేస్తాను. మీ కథలో పికరూన్ మనిషి కాదు, ఓడ. ఇంగ్లీషు నావికులు ఓడని ఆడమనిషిలాగే చెప్పుకుంటారు, అందుకే ‘ఆమె’. పికరూన్‌కి మోసగాడు, సముద్రపు దొంగ అనే అర్థాల పక్కన మూడోది కూడా ఉంది: దొంగలు నడిపే చిన్న ఓడ. చిన్న నిఘంటువులు ఈ మూడోదాన్ని వదిలేస్తాయి. మీకు తగిలిన చిక్కంతా అక్కడే.

ఇలాంటి కథలు తెలుగు చేయడం నాకు పాతికేళ్ల పని. ఈ మాట మొదటిసారి ఎదురైనప్పుడు నేనూ ‘సముద్రపు దొంగ’ అని రాసి ముందుకు పోయాను. అచ్చులో చూసుకున్నాక ఏదో వెలితి. మూలంలో కెప్టెన్ ఆ మాటని ఉమ్మేసినట్టు అంటాడు. నా తెలుగులో మాత్రం అతను వచ్చిన దొంగలకి గౌరవం ఇచ్చినట్టు ఉంది. ఆ వెలితి ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే స్పెయిన్ దేశపు వంటింటి దాకా వెళ్లాల్సి వచ్చింది. మీరూ ఒకసారి ఆ దారిలో రండి, అనువాదం దానంతట అదే కుదురుతుంది.

పికరూన్ స్పానిష్ మాట. మూలరూపం పికరోన్. ఇందులో రెండు ముక్కలున్నాయి: ‘పీకరో’ అనే నామం, దానికి తగిలించిన ‘ఓన్’ అనే ప్రత్యయం. ఈ రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది మీకు తెలియకుండానే మీ ఇంట్లో తిరుగుతోంది.

స్పానిష్‌లో ఓన్ చేరిస్తే వస్తువు పెద్దదవుతుంది. కుచారా అంటే చెంచా. కుచరోన్ అంటే గరిటె. ఇటాలియన్‌లో ఇదే ప్రత్యయం ‘ఓనే’. పల్లా అంటే బంతి, పల్లోనే అంటే పెద్ద బంతి. సాలా అంటే గది, సలోనే అంటే పెద్ద హాలు. కార్తా అంటే కాగితం, కార్తోనే అంటే దళసరి కాగితం, అంటే చిత్రకారులు ముందుగా నమూనా గీసుకునే అట్ట. ఈ మాటలు కొన్ని నేరుగా, కొన్ని ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు ఆ చివర కాస్తా ‘ఊన్’ అని సాగింది. బెలూన్, సెలూన్, కార్టూన్ అలా వచ్చినవే. మనం జుట్టు కత్తిరించుకోడానికి వెళ్లే సెలూన్‌లో ఒక పెద్ద హాలు దాక్కుని ఉంది. దబ్లూన్ అనే స్పానిష్ బంగారు నాణెం పేరు చివర కూడా ఇదే. పికరోన్ ఇంగ్లీషు వాళ్ల నోట పికరూన్ అయింది కూడా ఇదే వరసలో.

కాబట్టి పికరోన్ అంటే పెద్ద పీకరో. తెలుగులో ‘దొంగ’ ముందు ‘గజ’ చేర్చి గజదొంగ అంటాం చూడండి, అదే పని. మనం ముందు చేరుస్తాం, వాళ్లు వెనక చేరుస్తారు.

ఇక పీకరో ఎవరు? 16వ శతాబ్దపు స్పెయిన్ పట్టణాల్లో స్థిరమైన పని లేని కుర్రవాడు. బజారులో బుట్ట మోస్తాడు, వంటవాడి దగ్గర గిన్నెలు తోముతాడు, మాంసం తరుగుతాడు, చేతికి దొరికింది జేబులో వేసుకుంటాడు, పట్టుబడితే ఊరు మారుస్తాడు. హంతకుడు కాదు, బందిపోటూ కాదు. ఆకలి నేర్పిన తెలివితో బతికేవాడు.

ఈ మాట పుట్టుక మీద రెండు వాదాలున్నాయి. ఒకటి, ‘పికార్’ అనే క్రియ. పొడవడం, కొరకడం, ముక్కలుగా తరగడం దాని అర్థాలు. వంటింట్లో తరిగే పనికి కుదిరిన కుర్రాడు కాబట్టి పీకరో అయ్యాడని అంటారు. రెండోది, ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న పికార్డీ ప్రాంతం. అటువైపు యుద్ధాలకి వెళ్లి చిరిగిన బట్టలతో తిరిగొచ్చిన సిపాయిల మీద ఆ పేరు పడిందని అంటారు. నా మొగ్గు మొదటి వాదం వైపే. పాత రచనల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వంటశాల పక్కనే కనిపిస్తుంది. 1599లో మాతేయో అలెమాన్ రాసిన ‘గుస్మాన్ దె అల్ఫరాచే’ నవలని జనం అసలు పేరుతో కాక ఒట్టి ‘పీకరో’ అనే పిలుచుకున్నారు. అందులో గుస్మాన్ మాడ్రిడ్‌లో ముందు బుట్టలు మోస్తాడు, తర్వాత వంటవాడి కింద చేరతాడు, అక్కణ్నించి దొంగతనంలోకి దిగుతాడు. ఆ మాట బతుకు కూడా అదే మెట్ల మీద నడిచింది.

దీనికంటే ముందు 1554లో ఎవరు రాశారో పేరు లేకుండా ‘లసారియో దె తోర్మెస్’ వచ్చింది. తమాషా ఏమిటంటే పీకరో కథలన్నిటికీ తాత అనిపించుకున్న ఆ చిన్న పుస్తకంలో పీకరో అనే మాటే లేదు. కానీ పీకరో ఎలా తయారవుతాడో అందులో ఉన్నంత దగ్గరగా నేను మరెక్కడా చూడలేదు. తల్లి కొడుకుని ఒక గుడ్డివాడికి అప్పగిస్తుంది. సాలమాంకా ఊరి వంతెన దగ్గర ఒక రాతి ఎద్దు ఉంటుంది. ‘చెవి ఆనించి విను, లోపల పెద్ద చప్పుడు వినిపిస్తుంది’ అంటాడు గుడ్డివాడు. పిల్లాడు అమాయకంగా చెవి ఆనిస్తాడు. ఆ తల పట్టుకుని రాతికేసి ఒక్క దెబ్బ కొడతాడు ముసలాడు. గుడ్డివాడి దగ్గర పనిచేసే కుర్రాడు దెయ్యం కంటే ఒక ఆకు ఎక్కువే చదివి ఉండాలని చెప్పి నవ్వుతాడు. ఆ ఒక్క దెబ్బతో తను పసితనపు నిద్రలోంచి లేచానంటాడు పిల్లాడు. ఆ రాతి విగ్రహం తల విరిగిపోయి ఇప్పటికీ సాలమాంకాలో రోమన్ల కాలపు వంతెన దగ్గర నిలబడే ఉంది. స్పెయిన్ వాళ్ల చెవికి పీకరో అంటే ఆ నొప్పి, ఆ తెలివి రెండూ కలిసే వినిపిస్తాయి.

అందుకే స్పానిష్‌లో ఈ మాటలో ఇవాళ్టికీ ఒక ముద్దు ఉంది. అల్లరి చేసే పిల్లాణ్ని పట్టుకుని అమ్మమ్మ పికరోన్ అంటుంది. మనం ‘ఓరి దొంగా!’ అని బుగ్గ గిల్లినట్టే. కృష్ణుణ్ని వెన్నదొంగ అనే భాష మనది కాబట్టి దీన్ని మనకి వేరే విప్పి చెప్పనక్కర్లేదు. తెలుగులో కిలాడీ, తుంటరి, గడుగ్గాయి అనే మాటలన్నీ ఆ చుట్టుపక్కల తిరిగేవే.

మరి వంటింటి కుర్రాడు సముద్రం మీదికి ఎలా వెళ్లాడు? ఇక్కడ కొంచెం ఆగాలి.

స్పెయిన్ దక్షిణ తీరంలో, కాడిజ్ దగ్గర జహారా అనే ఊరుంది. ఏటా వసంతంలో అట్లాంటిక్ నుంచి మధ్యధరా సముద్రంలోకి గుంపులుగా వెళ్లే ట్యూనా చేపల్ని (మన జాలర్లు తూర అంటారు) అక్కడ పెద్ద వలకట్లు వేసి పట్టేవారు. ఆ పనికి దేశం నలుమూలల నుంచీ పని లేని కుర్రాళ్లు వచ్చి చేరేవారు. ‘డాన్ క్విక్సోట్’ రాసిన సెర్వాంటెస్ 1613లో అచ్చయిన తన కథల్లో ఒకదానిలో అంటాడు: జహారా ట్యూనా బడిలో రెండేళ్లు చదవనివాడు పీకరో అని చెప్పుకోకూడదు. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్తాడు. అక్కడి సుఖాలన్నిటికీ ఒకటే చేదు, రాత్రి స్పెయిన్‌లో పడుకున్నవాడు తెల్లారి ఆఫ్రికా ఒడ్డున తెతువాన్‌లో కళ్లు తెరవచ్చు. అవతలి ఒడ్డు నుంచి ఓడల్లో వచ్చే కోర్సెయిర్లు అనే సముద్రపు దొంగలు నిద్రపోతున్నవాళ్లని ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేవారు. ఇది ఆయన ఊహించి రాసింది కాదు. 1575లో ఇటలీ నుంచి తిరిగొస్తూ ఆయనే అలా పట్టుబడి, 1580లో సొమ్ము చెల్లించి విడిపించేదాకా అల్జీర్స్‌లో బందీగా ఉన్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కథలో ఓడల మీద వచ్చినవాళ్లు పీకరోలు కారు. పీకరో ఒడ్డున నిద్రపోతున్నవాడు. స్పానిష్‌లో సముద్రపు దొంగకి పిరాతా, కొర్సారియో అనే వేరే మాటలున్నాయి. పికరోన్ అంటే సముద్రపు దొంగ అనే అర్థం స్పానిష్‌లో రాలేదు. ఆ అర్థం ఇచ్చింది ఇంగ్లీషు వాళ్లు.

అప్పట్లో ఇంగ్లండుకీ స్పెయిన్‌కీ మధ్య 1585 నుంచి 1604 దాకా ఒక యుద్ధం, 1625 నుంచి 1630 దాకా ఇంకోటి. శత్రువుతో తిట్లూ పోట్లూ నడుస్తున్నప్పుడు శత్రువు మాటలు కూడా నోటికి అంటుకుంటాయి. ఆర్మడా, ఎంబార్గో, రెనిగేడ్ లాంటివి అన్నీ అటూ ఇటుగా ఆ రోజుల్లోనే స్పానిష్ నుంచి ఇంగ్లీషులో పడ్డాయి. 1620ల నాటికి పికరూన్ కూడా చేరింది. అప్పుడు అది నావికుల తిట్టు. తెరచాప చాటు నుంచి అరిచే మాట. మనం రోడ్డు మీద అడ్డం వచ్చినవాణ్ని ఆ క్షణాన ‘దొంగ వెధవ’ అంటామే, నిజంగా దొంగేనా అని విచారించి అనం కదా. అలా తిట్టుగా ఎక్కి, తిట్టించుకున్నవాడి పనిని బట్టి ‘సముద్రపు దొంగ’గా స్థిరపడి, చివరికి ఆ దొంగ ఎక్కిన ఓడకి కూడా పేరైంది.

పాత పుస్తకాల్లో పికరూన్ ఎప్పుడు వచ్చినా ఆ ఓడ కొలత చూడండి. తీరం పక్కన, లోతు తక్కువ నీళ్లలో, దీవి చాటునో కొండ చాటునో దాక్కుని, ఒంటరిగా వచ్చే సరుకు ఓడ మీద పడేవాళ్లు వాళ్లు. యుద్ధనౌక కనిపిస్తే తెడ్లేసి పారిపోతారు. గాలి పడిపోతే మాత్రం పెద్ద ఓడలకి వాళ్లే యముళ్లు, ఎందుకంటే పెద్ద ఓడ కదల్లేదు, తెడ్ల పడవ కదులుతుంది. 1800 జనవరి 1న హైతీ తీరంలో, గోనావ్ దీవి దగ్గర అమెరికా నౌక ‘ఎక్స్‌పెరిమెంట్’కి అదే జరిగింది. గాలి లేక అది, దాని రక్షణలో ఉన్న సరుకు ఓడలు నిలిచిపోతే, రిగో అనే సేనాని వర్గానికి చెందిన తెడ్ల పడవలు చుట్టుముట్టాయి. అమెరికా వాళ్లు వాటిని పికరూన్లనే పిలిచారు.

ఈ మాట గట్టిగా నాటుకున్న ఇంకో చోటు అమెరికాలోని చెసపీక్ అఖాతం. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం చివరి ఏళ్లలో, బ్రిటిష్ రాజు పక్షం వహించిన స్థానికులు కొందరు టాంజియర్ లాంటి దీవుల్ని ఆసరా చేసుకుని పడవల్లో తిరిగేవారు. రాత్రిపూట వాగుల గుండా లోపలికి వచ్చి పొలం ఇళ్ల మీద పడి పశువులు, సామాన్లు, దొరికిందల్లా దోచుకుపోయేవారు. మేరీలాండ్, వర్జీనియా జనం వాళ్లకి పెట్టిన పేరు పికరూన్లు. వాళ్లలో కొందరి దగ్గర బ్రిటిష్ అధికారులిచ్చిన అనుమతి పత్రాలు ఉన్నాయి. తమ లెక్కలో వాళ్లు రాజు సైనికులు. ఇల్లు పోగొట్టుకున్నవాడి లెక్కలో దొంగలు. 1782 నవంబర్ 30న కెడ్జెస్ జలసంధిలో మేరీలాండ్ పడవలకీ వాళ్లకీ పోరు జరిగింది. మేరీలాండ్ ముందు పడవ ‘ప్రొటెక్టర్’లో మందుగుండు అంటుకుని పేలింది. నాయకుడు జెడెకయా వాలీ చనిపోయాడు. సరిగ్గా అదే రోజు పారిస్‌లో ఇంగ్లండూ అమెరికా ప్రాథమిక సంధి పత్రం మీద సంతకాలు పెట్టాయి. సముద్రానికి అవతల యుద్ధం ముగించే కాగితం తడి ఆరకముందే ఇవతల మనుషులు కాలిపోయారు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఎవరు పిలుస్తున్నారన్నదాన్ని బట్టి పేరు మారడం మన ఒడ్డున కూడా ఉంది. కాన్హోజీ ఆంగ్రే మరాఠాల నౌకాదళ అధిపతి, ఈస్టిండియా కంపెనీ రాతల్లో సముద్రపు దొంగ. ఇటు తెలుగు తీరం వైపు చూస్తే, 1680లలో శ్యాం దేశపు (ఇప్పటి థాయిలాండ్) రాజు కొలువులో చేరి మెర్గుయి రేవుకి అధికారి అయిన సామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషు వాడు గోల్కొండ ఓడల మీద పడి దోచాడు. శ్యాం లెక్కలో అది యుద్ధం. మచిలీపట్నం వర్తకుడి లెక్కలో ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇదే కోవలో ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బుకనీర్ అనే పేరు విన్నారు కదా, కరిబియన్ దొంగలకి. అది కూడా వంటింటి మాటే! హిస్పానియోలా దీవిలో అడవి పడ్డ పశువుల్ని, పందుల్ని వేటాడి బతికే ఫ్రెంచి వాళ్లు, అక్కడి ఆదివాసుల దగ్గర నేర్చుకుని మాంసాన్ని కర్రల మంచె మీద పరిచి పొగ పెట్టేవారు. ఆ మంచె పేరు బుకాన్, బ్రెజిల్ ప్రాంతపు తూపీ భాష నుంచి వచ్చిన మాట. స్పెయిన్ వాళ్లు ఆ వేటగాళ్లని తరిమితే తోర్తుగా దీవి చేరి ఓడల మీద పడటం మొదలుపెట్టారు. ఒకడు గిన్నెలు తోమినవాడు, ఒకడు మాంసం ఎండబెట్టినవాడు. ఇద్దరికీ సముద్రం మీద భయంకరమైన పేర్లు వచ్చాయి.

మీరు ఫోన్‌లో పికరూన్ అని వెతికితే పొడుగాటి పిడికి కొక్కెం బిగించిన పనిముట్టు బొమ్మలు వస్తాయి. కంగారు పడకండి. అది దుంగల్ని లాగే పనిముట్టు, ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట. దానితో మీ కథకి పని లేదు.

ఇంకో బొమ్మ కూడా రావచ్చు, పికరోనెస్ అని. దీన్ని మాత్రం వదలకండి. న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ప్యాటర్సన్ అనే ఊరికి తీసుకెళ్లాడు. పెరూ దేశం వాళ్లు ఎక్కువగా ఉండే ఊరు. ఒక చిన్న హోటల్లో ఒకావిడ గుమ్మడికాయ, చిలగడదుంప కలిపి పులియబెట్టిన పిండి దగ్గర నిలబడి ఉంది. చెయ్యి నీళ్లలో ముంచి, కాస్త పిండి తీసుకుని, బొటనవేలితో మధ్యలో చిల్లు చేసి నూనెలోకి జారవిడిచింది. మా అమ్మ గారెలు వేసేటప్పుడు మణికట్టు ఎలా తిరిగేదో అచ్చం అలాగే. వేగాక కర్ర పుల్లతో తీసి, ముదురు బెల్లం లాంటి చెరకు పాకం పోసి ఇచ్చింది. లవంగం, నారింజ తొక్క వాసన. తింటుంటే పాకం గారెలే గుర్తొచ్చాయి. పేరేమిటని అడిగితే పికరోనెస్ అంది, నవ్వుతూ. నావికుల నోట తిట్టయిన మాట ఆవిడ నోట తియ్యగా ఉంది. ఏళ్ల తరబడి నిఘంటువుల్లో వెతికిన ముద్దు నాకు ఆ మూకుడు దగ్గర దొరికింది.

ఇక తెలుగులో ఏం రాయాలి. మీ కథలో ఎక్కడ వచ్చిందన్నదే చూసుకోండి. నేల మీద మనిషి గురించి అయితే కిలాడీ బాగుంటుంది, కోపం ఎక్కువుంటే దగాకోరు. ఓడ మీద మనిషి అయితే ఓడదొంగ. ‘సముద్రపు దొంగ’ని పైరేట్ కోసం దాచుకోండి, ఎందుకంటే మీ రచయిత రెండు మాటలూ వాడి ఉంటే రెండింటికీ తేడా చూపాలి. పైరేట్ అన్నప్పుడు భయం ఉంటుంది, పికరూన్ అన్నప్పుడు చీదరింపు ఎక్కువ. ‘చిల్లర ఓడదొంగ’ అంటే ఆ చీదరింపు ఇంకా బాగా పలుకుతుంది. ఓడ గురించి అయితే దొంగపడవ, లేదా దొంగఓడ. తెలుగులో దొంగ అనే మాట దేనికైనా అతుకుతుంది. దొంగచూపు, దొంగదెబ్బ, దొంగనోటు, దొంగనిద్ర అన్నీ ఉన్నాయి కాబట్టి దొంగపడవ అంటే ఎవరికీ కొత్తగా అనిపించదు. ఎటొచ్చీ ‘దొంగిలించిన పడవ’ అని పొరపాటు పడకుండా మొదటిసారి వచ్చినప్పుడు ‘దొంగలు నడిపే’ అని ఒక ముక్క కలపండి. పికరూన్ అని అలాగే ఉంచేసి అడుగున వివరణ ఇవ్వడం నాకు నచ్చదు. కథ మంచి వేగంలో ఉన్నప్పుడు పాఠకుణ్ని పేజీ అడుక్కి దించకూడదు.

‘ఆమె’ని కూడా వదిలెయ్యండి, మన భాషలో పడవ ‘అది’. మీ వాక్యాలు నేనైతే ఇలా రాస్తాను: “కొండకొమ్ము చాటున దొంగలు నడిపే పడవ ఒకటి మాటేసి ఉంది. మా ఓడ మలుపు తిరగ్గానే అది తెరచాపలెత్తింది.”